సంచి చదరంగం

చోడవరం బస్టాండు ఎదురుగా నా టైలరు షాపులో ఎవరి బట్టలూ చెప్పిన రోజుకి అయ్యేవి కావు. అయినా ఎవరూ గట్టిగా తిట్టేవారు కాదు. షాపులో చదరంగం ఉండేది కదా. చొక్కా కోసం వచ్చిన మనిషి ముందు కాసేపు ఎవరో ఆడుతుంటే నిలబడి చూసేవాడు. తరవాత సలహా ఇచ్చేవాడు. ఆ సలహా వల్ల ఒకడు ఓడిపోయాక ఆ ఖాళీలో తనే కూర్చునేవాడు. తనూ ఓడి లేచేసరికి చొక్కా మాట మరిచిపోయి బస్సెక్కేవాడు. ఆ చొక్కాకి నాకు ఇంకో వారం దొరికేది.

గుడ్డ కత్తిరించే బల్ల చివర గళ్ళు గీసి, గడి విడిచి గడి సిరా పూశాను. అదే బోర్డు. పావులు ఏటికొప్పాక లక్కవి. నల్ల గుర్రం ఒకటి ఎక్కడో పడిపోతే దాని బదులు ఖాళీ దారం రీలు నిలబెట్టాం. కొత్తగా వచ్చినవాళ్ళకి అది గుర్రమని చెప్పాల్సి వచ్చేది. చెప్పకుండా ఆడించి గెలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇది డెబ్బైల మొదట్లో మాట. ఊళ్ళో అందరినీ ఓడించేది ఒకే ఒక్కరు, హైస్కూలు లెక్కల మేస్టారు. బడి గంట కొట్టిన పావుగంటకల్లా గొడుగు, దాంతో పాటు అట్ట వేసిన ఒక పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేవారు. ఆట ఎలా మొదలుపెట్టాలో చెప్పే పుస్తకం అది. అవతలివాడు ఇలా జరిపితే మనం అలా జరపాలని వందల పేజీలు. మేస్టారికి అది మొత్తం నోటికొచ్చు. మొదటి పన్నెండు ఎత్తులూ ఆయన ఆడేవారు కాదు, అప్పజెప్పేవారు. ఒక చేత్తో పేపరు పట్టుకుని చదువుతూ, బోర్డు వైపు చూడకుండా రెండో చేత్తో పావులు జరిపేవారు. పన్నెండో ఎత్తు అయ్యేసరికి నా రాజు దగ్గర కాపలా ఉండేది కాదు, ఆయన పేపర్లో సినిమా పేజీ మిగిలి ఉండేది.

ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ముట్టుకున్న పావుని ఆడి తీరాలి. ముసలాళ్ళయినా, చెయ్యి వణికినా సరే, ముట్టుకున్నావంటే ఆడాల్సిందే.

ఆయన చేతిలో ఓడిపోవడం అందరికీ ఆట. నాకు మాత్రం కాదు. ఎనిమిదో తరగతిలో ఆయన దగ్గరే చదివాను నేను. ఒకరోజు మా అయ్య రోలుగుంట అవతల మా ఊరినుంచి బడికి వస్తే, వరండాలో, నా ముందే, మేస్టారు అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "వీడి బుర్రలో ఏవీ లేదయ్యా. ఎందుకు తిప్పుతావు? ఏదో పనిలో పెట్టుకో." ఆ వారమే మా అయ్య నన్ను బడి మాన్పించి ఈ షాపులో దర్జీ తాత దగ్గర పెట్టాడు. తాత పోయాక షాపు నాదయింది. లోకంలో మేస్టారు చెప్పిన లెక్కలన్నిటిలో మా అయ్యకి అర్థమైంది అదొక్కటేనని పదేళ్ళుగా నవ్వుతూ చెబుతుండేవాణ్ణి. విన్నవాళ్ళంతా నవ్వేవారు. నాకు మాత్రం ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకునేలా చెయ్యాలని ఉండేది, అదీ మా అయ్య ఎదుటే.

ఒక మధ్యాహ్నం వాన వచ్చింది. పెంకుల్లోంచి చుక్కలు సరిగ్గా బోర్డు మీద పడుతుంటే పావులన్నీ ఒళ్ళో వేసుకుని బల్ల తుడిచాను. ఈలోగా బేరం వచ్చి నేను కొలతలు తీస్తుంటే, అనకాపల్లి నుంచి సైకిలు మీద కట్‌పీసులు తెచ్చే సాయిబు, నా స్నేహితుడు, సాయంగా పావులు పేర్చాడు. అతనికి అప్పటికి చదరంగం రాదు. మేస్టారు వచ్చి, గొడుగు మూల పెట్టి, పేపరు విప్పి, రెండు బంట్లు జరిపి, మూడో ఎత్తుకి గుర్రం కోసం చెయ్యి చాపి పైకెత్తారు. చేతిలో ఏనుగు ఉంది.

"ముట్టుకున్నారు మేస్టారూ," అన్నాను.

"ఏటి ముట్టుకున్నాను? ఇది గుర్రం చోటు."

"చోటు గుర్రందేనండి. ఉన్నది ఏనుగు."

అప్పుడు పేపరు దించి చూశారు. రాజు ఒక మూల, మంత్రి ఇంకో మూల, నడుమ మిగతావి. రెండు వైపులా అంతే. సాయిబు మొహమాటంగా నవ్వాడు. "పొడుగువి చివర్న పెట్టేను మేస్టారూ. గుడ్డల తానులు మేం అలాగే పేరుస్తాం. నడుమవి పడిపోకుండా ఉంటాయని."

"ఈ ఆట చెల్లదు," అని మేస్టారు పావులన్నీ కలిపేశారు. కానీ ఆ కాస్త సేపట్లో నేను చూడాల్సింది చూశాను. ఏనుగుని పట్టుకున్న ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఎటు పెట్టాలో తెలీక. పదేళ్ళలో ఆ చెయ్యి అలా ఆగడం అదే మొదటిసారి.

మర్నాడే ఖాకీ ముక్కతో ఒక సంచి కుట్టి కొత్త ఆట పెట్టాను. తెల్ల పావుల్లో బంట్లు కాక మిగిలిన ఎనిమిదీ అందులో వెయ్యడం, చూడకుండా ఒక్కొక్కటే తీసి ఎడమ నుంచి కుడికి వరసగా నిలబెట్టడం. నల్లవాటిని ఎదురుగా అచ్చం అలాగే పెట్టడం. తరవాత మామూలు ఆటే. రాజుకి కోట కట్టుకోవడం మాత్రం రద్దు. శకట్లు రెండూ ఒకే రంగు గళ్ళలో పడితే అది వాటి ఖర్మ.

సంచి చదరంగం వారం తిరక్కుండా ఊరెక్కింది. చెరకు బళ్ళవాళ్ళు కూడా బళ్ళు ఆపి చూసిపోయేవారు. పడిన వరసలకి పేర్లు పుట్టాయి. గుర్రాలు రెండూ పక్కపక్కన పడితే జట్కా. రాజు మూలకి పడితే సన్యాసం. మంత్రి రాజుకి దూరంగా పడితే అలక. సాయిబు ఈ ఆటతోనే చదరంగం నేర్చుకున్నాడు. మామూలు వరస అతనికి చాలాకాలం వింతగా కనిపించేది.

మేస్టారు మాత్రం కూర్చోలేదు. "ఇది చదరంగం కాదురా. లాటరీ."

"కాదు మేస్టారూ. లాటరీలో బుర్ర అక్కర్లేదు. ఇందులో పుస్తకం అక్కర్లేదు."

"పుస్తకం అంటే అంత ఎగతాళా?"

"ఎగతాళి కాదండి. పుస్తకం ఇంట్లో పెట్టేసి రాగలరా అని అడుగుతన్నాను."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. ఇలా ఓ నెల రోజులు, రోజుకొకటి. మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు? ఒకరోజు గొడుగు బల్ల మీద టప్పున కొట్టి అన్నారు. "సరే. ఒకే ఒక్క ఆట. నువ్వు ఓడితే ప్రైవేటుగా మెట్రిక్ కట్టాలి. రోజూ సాయంత్రం ఇక్కడే, ఈ బల్ల మీదే నేను లెక్కలు చెబుతాను. ఒక్కరోజు ఎగ్గొట్టడానికి వీల్లేదు."

టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి అడిగాను. "నేను గెలిస్తే?"

"నువ్వే చెప్పు."

"ఎనిమిదో తరగతిలో నా బుర్రలో ఏవీ లేదన్నారు మా అయ్యతో. అది తప్పని ఆయనతో చెప్పాలి."

మేస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అన్నానా? అనే ఉంటాను. ఏడాదికి నలభై మందిని అంటాను." తరవాత కళ్ళజోడు పెట్టుకుని, "సరే. చెబుతాను," అన్నారు.

మా అయ్య సంత రోజున ఎలాగూ చోడవరం వస్తాడు. ఆట ఆ రోజుకి పెట్టుకున్నాం. పది రోజుల గడువు.

ఇక్కడ నా గొప్పతనం కొంచెం చెప్పుకోవాలి. బట్టీ పట్టేవాళ్ళని ఊరంతా వినేలా వెక్కిరించిన నేను, ఆ పది రోజులూ చేసిన పని బట్టీ పట్టడం. భయం వేసింది మరి. ఓడితే మెట్రిక్ ఒక్కటే కాదు, ఆయన అన్న మాట మా అయ్య ముందు రెండోసారి నిజమై కూర్చుంటుంది. అందుకని నాకు నచ్చిన వరస ఒకటి ఎంచుకున్నాను. మొదటి గడిలో రాజు, తరవాత ఏనుగు, మూడో గడిలో గుర్రం, అలా. పొద్దున్న షాపు తీసిన దగ్గర్నుంచి సాయిబుని ఎదురుగా కూర్చోబెట్టి ఆ ఒక్క వరసే ఆడాను. వందసార్లు ఆడుంటాను. పన్నెండు ఎత్తులు నిద్రలో అడిగినా చెప్పేలా తయారయ్యాను.

మరి ఆ వరసే సంచిలోంచి ఎలా వస్తుంది? నేను టైలర్ని కదా. ఇంత పెద్ద పందేనికి పాత ఖాకీ సంచి ఏం బాగుంటుందని కొత్తది కుట్టాను. సాయిబు ఇచ్చిన ఎర్ర వెల్వెట్ ముక్కతో, అంచుకి జరీ పట్టీ వేసి, చూడ్డానికి పెళ్ళివారి సంచిలా. వెడల్పు మాత్రం చొక్కా చెయ్యంత. అందులో పావులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, పక్కకి దొర్లవు. లోపలికి చెయ్యి పెట్టినవాడికి అన్నిటికంటే పైనున్నదే అందుతుంది. నేను ఏ వరసలో వేస్తే దానికి తిరగేసి బయటికి వస్తాయి.

సాయిబు సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తమ్ముడూ, ఇది సంచా, మనిషి సెయ్యా?"

"జరీ చూడు భాయ్. వెడల్పు చూడకు."

"ఆయన లెక్కల మేస్టారు రా. వెడల్పే సూస్తాడు."

సంత రోజు మధ్యాహ్నం షాపు ముందు జనం పోగయ్యారు. మా అయ్య తువ్వాలు భుజాన వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకి పందెం సంగతి చెప్పలేదు, ఆట చూడమని మాత్రం చెప్పాను. సాయంత్రం బస్సు తప్పిపోకూడదని ఆయన బెంగ ఆయనది.

జోకులు వేస్తూ, ఎటో చూస్తున్నట్టు, పావులు ఒక్కొక్కటే సంచిలో జారవిడిచాను. వరస తప్పలేదు. మేస్టారు సంచి అందుకోబోయి ఆగారు. "నేను తీస్తే నువ్వు ఏదో అంటావు. నువ్వు తీస్తే నేను అంటాను. మీ అయ్య తీస్తాడు. ఆయనకి ఆట రాదు, అబద్ధమూ రాదు."

నాకు లోపల పండగలా ఉంది. ఎవరు తీస్తేనేం, పైనున్నదేగా తీస్తారు.

"ఏటిది బాబూ, సీట్లేటి?" అన్నాడు మా అయ్య సంచి తీసుకుంటూ.

"అలాంటివే. ఒక్కొక్కటి తియ్యి," అన్నారు మేస్టారు.

మా ఊళ్ళో చెరువు నీటికి వంతులు చీట్లేసి తీస్తారు. పొలానికి ముందు ఎవరికి నీరు, తరవాత ఎవరికి అని. ఆ చీట్లు ఏటేటా తీసేది మా అయ్యే. దానికొక పద్ధతి ఉంది. కుండలో చెయ్యి పెట్టి తియ్యడం మా వాళ్ళు ఒప్పుకోరు. కుండని అందరి ఎదుటా తువ్వాల్లోకి బోర్లించి, తువ్వాలు మూట చేసి, మూడుసార్లు కుదిపి, మొహం పక్కకి తిప్పుకుని అప్పుడు తియ్యాలి. అలా తియ్యకపోతే ఊళ్ళో తలలు పగులుతాయి. ఇదంతా పుట్టినప్పటినుంచీ చూసినవాణ్ణే నేను. సంచి కుట్టిన పది రోజుల్లో ఒక్కసారైనా గుర్తొచ్చిందా అంటే లేదు.

మా అయ్య తువ్వాలు ఒళ్ళో పరిచి, జరీ సంచిని దాంట్లోకి బోర్లించి, మూట కట్టి, మూడుసార్లు గలగల కుదిపాడు.

"అయ్యా, అంతక్కర్లేదు, సంచిలోంచే…" అన్నాను.

"నువ్వూరుకో. సీట్లు తియ్యడం నాకు నేర్పుతన్నావేటి?" అని మొహం తిప్పుకుని తియ్యడం మొదలుపెట్టాడు. మొదట గుర్రం. తరవాత శకటు. మూడోది మంత్రి. ఆ తరవాత నేను చూడలేదు, సాయిబు మొహం చూశాను. అతను పైన పెంకులు లెక్కపెడుతున్నాడు.

ఆట మొదలైంది. మేస్టారు పేపరు విప్పలేదు. పుస్తకం నిజంగానే ఇంట్లో పెట్టేసి వచ్చారు. మోచేతులు బల్లమీద ఆనించి, ఒక్కో ఎత్తుకీ బోర్డంతా కలయజూసి ఆడుతున్నారు. బట్టీ మనిషి ఆలోచిస్తున్నాడు. ఆలోచించాల్సిన మనిషి, అంటే నేను, పది రోజుల అలవాటుతో మొదటి నాలుగు ఎత్తులూ నా పాత వరసలోని బంట్లనే జరిపేశాను. అయిదో ఎత్తు దగ్గర మా అయ్య సాయిబుని అడగడం వినిపించింది.

"మనోడు గెలుస్తన్నాడా?"

"ఇంకా తెలీదు బాబాయ్."

"నువ్వు సెప్పు, పర్వానేదు."

నేను అటు తిరిగి, ధైర్యంగా ఒక నవ్వు నవ్వి, మూడో గడిలో గుర్రం కోసం చెయ్యి చాపి పైకెత్తాను. చేతిలో మంత్రి ఉంది.

మేస్టారు నా చెయ్యి వైపు చూశారు. వాన రోజు ఆయన చెయ్యి గాల్లో ఎంతసేపు ఆగిందో నాది అంతకంటే ఎక్కువసేపే ఆగింది.

"ముట్టుకున్నావు," అన్నారు మెల్లగా.

"ఇది గుర్రం…" అని ఆగిపోయాను. ఆ వాక్యం పూర్తి చేస్తే దాని జవాబు కూడా నాదే. ముందరి బంటు జరిగిపోయింది కాబట్టి మంత్రి వెళ్ళడానికి రెండే గళ్ళున్నాయి, రెండిటినీ ఆయన శకట్లు చూస్తున్నాయి. శకటుకి మంత్రిని ఇచ్చుకున్నాను.

మంత్రి లేని రాజ్యంతో ఆ తరవాత రెండు గంటలు ఆడాను. అప్పజెప్పడానికి ఏమీ మిగల్లేదు, అందుకని ఆడాను. గుర్రాలతో ఆయన ఏనుగుని ఒక మూల ఇరికించాను. దారం రీలు గుర్రాన్ని చంపి పక్కన పడేస్తే జనం చప్పట్లు కొట్టారు. ఒకసారి మేస్టారు పావుగంట కదలకుండా కూర్చుని, చివరికి కళ్ళజోడు పైకి తోసి, చిన్నపిల్లాడిలా పకపక నవ్వారు. "ఒరేయ్, ఎటు పోవాలో తెలీట్లేదురా!" ఆయన అలా నవ్వడం బళ్ళో నేను చూడలేదు.

గెలిచింది మాత్రం ఆయనే. బస్సు టైముకి పది నిమిషాల ముందు నా రాజుని మూలకి తోలి ఆట కట్టేశారు.

నేను లేచాను. అన్న మాట అన్నట్టే ఉండిపోయింది కదా. మేస్టారు పావులు సర్దుతూ వెల్వెట్ సంచి తీసుకుని ఒక ఏనుగు వేసి, దాని మీద రాజుని వేసి, లోపలికి చెయ్యి పెట్టారు. చెయ్యి పక్కకి కదల్లేదు, పైనున్న రాజే అందింది. బయటికి తీశారు. సంచిని వెలుతురుకి పట్టి కుట్టు చూశారు. సాయిబు చెప్పింది నిజం, ఆయన వెడల్పే చూశారు. తరవాత నావైపు చూశారు.

మా అయ్య బెంచీ మీంచి లేచి తువ్వాలు దులుపుకుంటున్నాడు. ఇప్పుడు ఈయన సంచి గురించి ఒక్క మాట చెబితే చాలు. పదేళ్ళ కిందటి మాట ఎంతో మర్యాదగా వినబడుతుంది దాని పక్కన.

"ఇలా రావయ్యా," అని మేస్టారు మా అయ్యని పిలిచారు. "వీడు ఓడిపోయాడు. కానీ ఒక సంగతి. వీడు ఎనిమిదో తరగతిలో ఉండగా వీడి బుర్రలో ఏవీ లేదన్నాను నీతో. అది తప్పు. ఉంది." సంచి నా చేతికిస్తూ చూపు నామీదే ఉంచి అన్నారు. "ఏటుందో మాత్రం నేను చెప్పను."

మా అయ్య ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఎప్పుడన్నారు బాబూ?"

"బడి వరండాలో. అందుకే గదా మాన్పించేవు," అన్నాను నేనే, ఉండబట్టలేక.

"నాకు గేపకం నేదురా. అందుకు మాన్పించలేదు. బడికి సొక్కా కుట్టిద్దారని దర్జీ తాత కాడికి తీసుకెల్లేను. గుంటడి వేళ్ళు సన్నగున్నాయి, పని నేర్పుతాను, నా కాడ ఒగ్గేసెల్లు, సొక్కా ఊరికినే కుడతానన్నాడు. నిన్నక్కడ ఒగ్గేసి వచ్చేసేను." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "ఆ సొక్కా కుట్టేడేట్రా మరి?"

కుట్టలేదు. ఈ షాపులో ఎవరి బట్టలూ చెప్పిన రోజుకి అయ్యేవి కావని ముందే చెప్పాను.

బస్సు హారను కొడితే మా అయ్య పరిగెత్తాడు. వెళ్తూ వెళ్తూ సాయిబుతో, "మనోడు బాగా ఆడేడు కదా?" అని అడిగాడట. బాగా ఆడాడు అన్నాడట సాయిబు. పదేళ్ళు నేను మోసిన మాట అలా అయిపోయింది. అన్నాయనకి లెక్కలో లేదు, విన్నాయనకి గుర్తు లేదు. మధ్యలో నిలబడి విన్న నేనొక్కణ్ణే దాన్ని బట్టీ పట్టాను.

మెట్రిక్ మాట ఇక్కడే చెప్పేస్తాను. లెక్కలు గట్టెక్కాయి. ఇంగ్లీషు ముంచింది. దానికి ఎవరితోనూ పందెం కట్టలేదు మరి.

మర్నాడు సాయంత్రం మేస్టారు గొడుగుతో వచ్చారు. చంకలో పుస్తకం లేదు. బల్లమీద ఎవరివో ప్యాంటు గుడ్డలు పక్కకి నెట్టి, నా మార్కింగు సుద్ద తీసుకుని ఎనిమిది గళ్ళు గీశారు.

"ఎనిమిది చోట్లు. ఎనిమిది పావులు. ఏనుగులు రెండు, గుర్రాలు రెండు, శకట్లు రెండు, రాజు, మంత్రి. ఎన్ని రకాలుగా నిలబెట్టొచ్చో లెక్క కట్టు."

"ఇది మెట్రిక్‌లో ఉందా మేస్టారూ?"

"ఇది నీకోసం ఉంది. కట్టు."

దారి ఆయనే చూపించారు, గుణించింది నేను. ఎవరిదో ప్యాంటు ఎడమ కాలంతా సుద్ద అంకెలతో నిండిపోయింది. మూడుసార్లు తప్పు వచ్చింది. నాలుగోసారి వచ్చిన అంకె కింద ఆయన గీత గీశారు. ఐదువేల నలభై.

"ఇందులో ఒక వరస నీకు బట్టీ వచ్చు," అన్నారు, సుద్ద చేతులు దులుపుకుంటూ. గొంతులో కోపం లేదు. "వెల్వెట్టుది. ఇంక మిగిలినవి ఎన్ని?"

మేకు మీద వేలాడుతున్న జరీ సంచి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

"ఐదువేల ముప్పై తొమ్మిది, మేస్టారూ."

"ఊఁ. తీసివేత వచ్చు," అని కుర్చీ ముందుకి లాక్కున్నారు. "అక్కణ్ణించి మొదలెడదాం."